పాత కారుకి పాత బుర్ర

"వాడిన టైర్లు కొనొద్దు, వాడిన హెల్మెట్ కొనొద్దు, బ్రేకుల దగ్గరైతే సెకండ్ హ్యాండ్ మాటే ఎత్తొద్దు" అని సలహా ఇచ్చేవాళ్ళకి కొదవ లేదు. "ఏబీఎస్ లైటేగా, బల్బు పీకేయ్, ఎవడు చూస్తాడు" అనేవాళ్ళకీ కొదవ లేదు. విచిత్రం ఏంటంటే, ఈ రెండు సలహాలూ నాకు ఒకే మనిషి ఒకే ఫోన్ కాల్‌లో ఇచ్చాడు :)

విషయం ఇదీ. అమెరికాలో ఎమ్మెస్ చేసిన మనవాళ్ళలో చాలామందికి ఉన్నట్టే నాకూ ఓ ముసలి సెడాన్ ఉంది. 2005 మోడల్. కంపెనీ పేరు ఎందుకులెండి, ఇన్నేళ్ళు మోసిన బండిని తిట్టడం బాగోదు. కొత్తగా చదువుకోడానికి వస్తున్న ఓ తమ్ముడికి దాన్ని అమ్మేద్దామని మాటిచ్చాక, డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఏబీఎస్ లైటు వెలిగింది. దాని పక్కనే ఎర్ర బ్రేక్ లైటు కూడా.

ఏబీఎస్ కొత్త సంగతేం కాదు. 1978లోనే బాష్ వాళ్ళ ఎలక్ట్రానిక్ ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో వచ్చింది. ప్రతి చక్రం దగ్గర వేగం కొలిచే సెన్సర్ ఉంటుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఒక చక్రం ఉన్నట్టుండి ఆగిపోబోతుంటే, అది జారబోతోందని కంట్రోల్ మాడ్యూల్ గ్రహించి, ఆ చక్రానికి వెళ్ళే ఒత్తిడిని క్షణక్షణం వదులుతూ బిగిస్తూ ఉంటుంది. అందువల్ల బ్రేకు తొక్కి ఉన్నా స్టీరింగు మన మాట వింటుంది.

ఈ మాడ్యూల్ చచ్చిపోతే మామూలు బ్రేకులు పనిచేస్తూనే ఉంటాయి. దాన్ని అలాగే డిజైన్ చేశారు. "మరింకేం, వదిలెయ్" అనేవాళ్ళ ధైర్యం కూడా ఇదే. కానీ పసుపు లైటుతో పాటు ఎర్రది ఎందుకు వెలిగిందో వాళ్ళు అడగరు.

బ్రేకు వేయగానే బండి బరువు ముందుకి పడుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే కారు గిర్రున తిరుగుతుంది. అలా జరక్కుండా వెనక్కి వెళ్ళే ఒత్తిడిని తగ్గించడానికి పాత కార్లలో ఒక మెకానికల్ వాల్వు ఉండేది. తర్వాత వచ్చిన చాలా కార్లలో ఆ వాల్వు తీసేసి, దాని పని కూడా ఈ మాడ్యూల్‌కే అప్పజెప్పారు. నా కారూ ఆ బాపతే. అంటే ఇక్కడ పోయింది ఒక అదనపు ఫీచర్ కాదు, బేసిక్ బ్రేకుల్లో ఒక ముక్క.

పైగా బ్రేక్ ఆయిల్ తగ్గినా వెలిగేది అదే ఎర్ర లైటు. బల్బు పీకేస్తే రేపు ఎక్కడైనా లీకైనా తెలీదు. ప్రొడక్షన్‌లో అలర్టు మ్యూట్ చేసి టికెట్ క్లోజ్ చేసేవాళ్ళని మనం చూడలేదా ఏంటి!

డీలరు కొత్త మాడ్యూల్‌కి, కూలీకి కలిపి పన్నెండు వందల డాలర్లు చెప్పాడు. కారుకి వచ్చేదే రెండున్నర వేలు. జంక్‌యార్డులో అదే మాడ్యూల్ ఎనభై డాలర్లు.

కొనేముందు అసలు పోయింది మాడ్యూలేనా అన్నది తేల్చుకోవాలి. బ్రేక్ ఆయిల్ చూశా, హ్యాండ్ బ్రేకు స్విచ్ చూశా, ఫ్యూజులు, బ్యాటరీ వోల్టేజీ, మాడ్యూల్‌కి వచ్చే పవరు, గ్రౌండు వైరు అన్నీ కొలిచా. అన్నీ బాగానే ఉన్నాయి. స్కానర్‌లో కోడు మాడ్యూల్ లోపలి రిలే సర్క్యూట్‌నే చూపిస్తోంది.

తర్వాత మ్యాచింగు. బయటికి ఒకేలా కనబడే రెండు మాడ్యూళ్ళలో ఒకటి ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న కారుది, ఇంకోటి లేనిది కావచ్చు. టైరు సైజు లాంటివి కూడా కొన్నిట్లో లోపల రాసి ఉంటాయి. బైనరీ ఒకటే, కాన్ఫిగ్ ఫైలు వేరు. కొన్ని మోడళ్ళలో అయితే డీలరు దగ్గరుండే టూల్‌తో మళ్ళీ ప్రోగ్రామ్ చేస్తే తప్ప ఒప్పుకోదు. అందుకే పార్ట్ నంబరు అక్షరం అక్షరం సరిపోవాలి, దాత కారులో ఉన్న సరంజామా కూడా మనదాన్లో ఉన్నట్టే ఉండాలి.

మూడోది అందరూ మర్చిపోయేది. చాలా మాడ్యూళ్ళు పోయేది ఏళ్ళ తరబడి వేడికీ, అదురుకీ లోపలి సోల్డరింగు పగుళ్ళిచ్చి. జంక్‌యార్డు మాడ్యూల్‌దీ అదే వయసు, అదే జబ్బు, ఇంకా బయటపడలేదంతే. ఒకే బ్యాచ్ హార్డ్ డిస్కులతో రెయిడ్ కట్టినట్టన్నమాట. అందుకని తక్కువ మైళ్ళు తిరిగి, వెనకనుంచి గుద్దించుకున్న కారుది వెతికా. వరదలో మునిగినవి వద్దన్నా. తొంభై రోజుల్లో వెనక్కి తీసుకుంటానన్నవాడి దగ్గరే కొన్నా.

బిగించడం ఓ శనివారం పొద్దున పని. బ్యాటరీ నెగటివ్ తీసి, కనెక్టర్ విప్పి, టార్క్స్ స్క్రూలు విప్పితే మాడ్యూల్ హైడ్రాలిక్ దిమ్మ నుంచి నిటారుగా ఊడొస్తుంది. నా కారులో బ్రేకు పైపులు ముట్టుకోనక్కర్లేదు కాబట్టి గాలి చొరబడే గొడవ లేదు. దిమ్మతో సహా మార్చాల్సొస్తే మాత్రం అది వేరే కథ. స్కాన్ టూల్‌తో పంపు తిప్పి మరీ లోపలి గాలి తీయాల్సి రావచ్చు.

లైట్లు ఆరాయి. అయినా నమ్మకుండా, వాన పడ్డ రోజు ఖాళీ పార్కింగ్ లాట్‌లో గట్టిగా బ్రేకు తొక్కి చూశా. పెడల్ కాలి కింద గుడగుడలాడింది. ఆ గుడగుడ ఎంత హాయిగా ఉందో!

తమ్ముడికి అంతా చెప్పా. "అన్నా, సెకండ్ హ్యాండ్ బ్రేకా?" అన్నాడు. "బ్రేకు కాదురా, దాని బుర్ర" అని పార్ట్ నంబరు, మార్చిన తేదీ, అప్పటి మైళ్ళు రాసిన కాగితం చూపించా. ఇది మళ్ళీ పోవచ్చనీ, పోతే లైటే చెప్తుందనీ చెప్పా. రెండు వందలు తగ్గించమన్నాడు. తగ్గించా.

వాడిన భాగం వేయడం తప్పని నేననుకోను. ఏం వేశామో, అది పోతే ఏమవుతుందో తెలియకుండా వేయడం, తెలిసీ కొనేవాడికి చెప్పకపోవడం తప్పు. నెత్తి మీద అప్పు పెట్టుకుని ఈ దేశంలో దిగిన పిల్లాడు, జీవితంలో మొదటిసారి మంచులో బండి నడపబోతున్నాడు.

మీరూ పాత కారు కొంటుంటే ఒక్క పని చేయండి. తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు, ఎర్ర బ్రేక్ లైటు రెండూ కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే బేరమాడండి. అసలు వెలగనే లేదంటే, అమ్మేవాడు ఎంత మంచివాడిలా కనబడినా లోతుగా చెక్ చేయించందే డబ్బు ఇవ్వకండి.