వెనక గేరు శబ్దం – మరచిపోయిన ఒక దెబ్బ

రక్తపోటు, చక్కెర వ్యాధుల గురించి వ్రాసే చోట సైకిల్ మరమ్మతు ప్రసంగమేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. సైకిల్ తొక్కండి, గుండెకు మంచిదని మీకు చెబుతూ వచ్చినవాడిని నేనే. ఆ మాట విని గేర్ల సైకిల్ కొన్నవారు, వెనక గేర్ల దగ్గర వచ్చే శబ్దానికి ఏం చేయాలని నన్నే అడుగుతున్నారు. ఈ విషయంలో నేను చేసిన పొరపాటును మీ ముందుంచుతున్నాను.

తెల్లవారుజామున విశాఖ బీచ్ రోడ్డు మీద సైకిల్ తొక్కడం నాకు అలవాటు. నాది సన్న టైర్ల రోడ్డు సైకిల్. వెనక పదకొండు పళ్ళ చక్రాలున్నాయి. గత వేసవిలో నడిమి గేర్లలో టకటకమని శబ్దం మొదలైంది. చైనును ఒక పళ్ళ చక్రం మీదనుంచి మరొకదాని మీదకు జరిపే పరికరాన్ని డిరైలర్ అంటారు. దానికి కేబుల్ చేరే చోట వేళ్ళతో త్రిప్పే చిన్న మర ఉంటుంది. వెనకనుంచి చూస్తూ దానిని గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలో త్రిప్పితే కేబుల్ బిగిసి, డిరైలర్ పెద్ద పళ్ళ చక్రాలవైపు జరుగుతుంది. ముల్లు తిరిగే దిశలో త్రిప్పితే చిన్నవాటివైపు జరుగుతుంది. ఒకసారికి పావు చుట్టు చాలు.

నేను పావు చుట్టు బిగించాను. శబ్దం పోయింది. నాలుగు రోజులకు చిన్న చక్రాల దగ్గర మొదలైంది. వదులు చేశాను. ఈసారి పెద్ద చక్రాల దగ్గర వినిపించింది. నెల రోజులు ఇదే తంతు. తలనొప్పి అన్నవారికి కారణం వెదకకుండా మాత్ర మార్చి మార్చి ఇచ్చే వైద్యుణ్ణి మీరు చూసే ఉంటారు. సైకిల్ విషయంలో నేను అచ్చం అలాగే ప్రవర్తించాను.

ఒకనాడు ఋషికొండ దగ్గర ఎత్తు ఎక్కుతూ అన్నిటికంటే పెద్ద పళ్ళ చక్రానికి మార్చాను. టింగుటింగుమని మరో రకం శబ్దం వచ్చింది. పాతదే కదా అని ఇంకొంత దూరం తొక్కాను. మంచినీళ్ళ కోసం ఆగి, చక్రాన్ని ఎత్తి చేత్తో త్రిప్పి చూస్తే, డిరైలర్ అంచు స్పోకులకు తగులుతోంది. అది స్పోకుల మధ్య చిక్కుకుంటే వెనక చక్రం ఉన్నచోటే బిగుసుకుపోతుంది. తుంటి ఎముక విరిగి వార్డులో చేరిన నా వయసువారిని ఎందరినో చూశాను. కొందరు మళ్ళీ తమంతట తాము లేచి నడవలేదు. ఇక ఎక్కలేదు. సైకిల్‌ను నడిపించుకుంటూ ఇల్లు చేరాను.

మెకానిక్ కుర్రవాడు ఇంటికి వచ్చి, పనిముట్ల సంచి విప్పకముందే అడిగాడు. “బండి ఎప్పుడైనా కుడివైపుకి పడిందా సార్?”

“లేదు” అన్నాను ఖచ్చితంగా.

కాఫీ తెచ్చిన మా ఆవిడ అందుకుంది. “లేదంటారేమిటండీ? ఆ గాలివాన రోజు వరండాలో దభీమని పడలేదూ? మీరే లేపి, తుడిచి నిలబెట్టారు.”

ఓపీలో పెద్దవారిని “ఎక్కడైనా పడ్డారా?” అని అడిగితే లేదనేవారు, అసలు సంగతి పక్కనున్న ఇల్లాలు చెప్పేది. ఆనాడు విసుక్కున్నవాడిని, ఈనాడు తల వంచుకున్నాను.

డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్కను హ్యాంగర్ అంటారు. చాలా సైకిళ్ళలో అది మెత్తని అల్యూమినియం. దెబ్బ తగిలితే తాను వంగి ఫ్రేమును కాపాడుతుంది. కుర్రవాడు డిరైలర్ విప్పి, ఆ రంధ్రంలో పొడవైన చేయి ఉన్న పరికరాన్ని బిగించాడు. చేతిని పైకి, క్రిందికి, ముందుకు, వెనక్కు త్రిప్పుతూ చక్రపు అంచుకు దానికీ మధ్య ఎడం చూపించాడు. పైన వేలు దూరేంత సందు. క్రింద అంచుకు ఆనుకుంటోంది. హ్యాంగర్ లోపలికి వంగిందన్నమాట. ఆసరాయే ఏటవాలైనప్పుడు ఒక గేరులో సరిచేసినది మరొక గేరులో సరిపోదు. డిరైలర్ ఎంతవరకు జరగాలో నిర్ణయించే రెండు హద్దు స్క్రూలుంటాయి. హ్యాంగర్ వంగితే ఆ హద్దులూ తప్పుతాయి. అందుకే నాది స్పోకుల దాకా పోయింది.

ఇంటి దగ్గర మీరు చేయగల పరీక్ష ఒకటుంది. సైకిల్ వెనక నిలబడి, డిరైలర్‌లోని రెండు చిన్న చక్రాలను చూడండి. అవి ఒకదాని క్రింద ఒకటిగా, పైనున్న పళ్ళ చక్రాలకు సమాంతరంగా ఉండాలి. క్రిందిది స్పోకులవైపు ఒరిగితే మరను ముట్టుకోవద్దు. వరస నిటారుగానే ఉండి, పెద్దదానినుంచి చిన్నదానికి మారడంలో జాప్యం జరుగుతుంటే కేబుల్‌ను అనుమానించండి. పెద్దదానికి లాగేది కేబుల్. చిన్నదానికి తెచ్చేది స్ప్రింగు మాత్రమే. మా సముద్రపు గాలికి కేబుల్ తొడుగులో తుప్పు పట్టడం మామూలే. అన్ని గేర్లలోనూ ఒకే రకం గరగర వస్తే ముందు చైను తుడిచి నూనె వేయండి.

కుర్రవాడు ఆ చేతితోనే హ్యాంగర్‌ను మెల్లగా వంచి సరిచేశాడు. తరువాత హద్దు స్క్రూలు చూశాడు. కేబుల్ బిగింపు మాత్రం చివరికి పెట్టుకున్నాడు. మళ్ళీ వంగితే మాత్రం సరిచేయవద్దని, పదే పదే వంచిన అల్యూమినియం విరిగిపోతుందని హెచ్చరించి, అదే నమూనా హ్యాంగర్ ఒకటి ఇంట్లో ఉంచుకోమన్నాడు. సైకిల్ మోడల్‌ను బట్టి దాని ఆకారం మారుతుంది కనుక పాతదాన్ని చూపించి కొనాలట. కొన్నాను. సైకిల్‌ను ఇప్పుడు ఎడమవైపు గోడకు ఆనించి పెడుతున్నాను.