నింపిన సున్నాలు

జెనెటిక్ కౌన్సెలర్ తెల్లకాగితం మీద ఆడవాళ్ళకు సున్నా, మగవాళ్ళకు గడి గీసుకుంటూ పోతోంది. జబ్బు చేసినవాళ్ళ సున్నాలో పెన్సిలుతో నలుపు నింపుతోంది. మా మేనత్త సున్నా అప్పటికే నిండింది. ఆమెకు 41వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో అయ్యాక చేసిన రక్తపరీక్షలో బీఆర్‌సీఏ1 అనే జన్యువులో లోపం ఉందని తేలింది. అందుకే నాన్నా నేనూ ఆ గదిలో కూర్చున్నాం.

"మీ అమ్మగారికి తొలి కాన్పు ఏ వయసులో అయింది? ఒక్కో బిడ్డకు ఎన్నాళ్ళు పాలిచ్చారు? ముట్లు ఎప్పుడు ఆగాయి?"

నాన్న నోరు మెదపలేదు. గోత్రం, ప్రవర, ఏడు తరాల తాతల పేర్లు తడుముకోకుండా చెప్పే మనిషి. అమ్మ తొలి కాన్పు అంటే తన పుట్టుకే. అయినా అమ్మకు అప్పుడు ఎన్నేళ్ళో ఆయనకు తెలియదు.

ఆ రాత్రి ఊళ్ళో ఉన్న చిన్న నాయనమ్మకు ఫోన్ చేశాను. "అక్కకు పదిహేడో ఏట మీ నాన్న పుట్టాడే. ఆరు కాన్పులూ ఇంట్లోనే. దివిసీమ ఉప్పెన నాటికి మీ మేనత్తకు ఏడాది నిండలేదు. చుట్టూ నీళ్ళు, ఆ హోరులో కూడా పిల్ల రొమ్ము వదల్లేదు. రెండేళ్ళు దాటిందాకా తాగింది" అంది. కాసేపాగి గొంతు తగ్గించింది. "ఆ రొమ్ములోనే గడ్డ లేచింది తల్లీ. చీరచెంగు కప్పుకుని ఎవరికీ చెప్పలేదు. చీము పట్టాక తెలిసింది." ఆ ఉప్పెన 1977 నవంబరులో వచ్చింది. నాయనమ్మ పోయేనాటికి ఆమెకు 45 ఏళ్ళు.

ఆరుగురిని కని, పెంచి, కడపటి బిడ్డకు రెండేళ్ళు పాలిచ్చిన మనిషి సంగతి అది. అత్తయ్య కథ వేరు. ఆమెకు పెళ్ళి ఆలస్యం, 34వ ఏట ఒక్క కాన్పు, పాలు సరిగ్గా పడలేదు. జబ్బు బయటపడ్డాక చూడవచ్చిన చుట్టాలు మంచం పక్కనే కూర్చుని "వయసులో కనక, పాలివ్వక తెచ్చుకుంది" అన్నారు. అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుంది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

ఆ మాటకు ఆధారమే లేదనను. 1926లోనే ఇంగ్లండులో జానెట్ లేన్-క్లేపన్ అనే డాక్టరమ్మ రొమ్ము క్యాన్సర్ వచ్చిన సుమారు 500 మందినీ, రాని మరో 500 మందినీ పక్కపక్కన పెట్టి వాళ్ళ కాన్పులూ పాలిచ్చిన కాలమూ ఆరా తీసింది. 2002లో 30 దేశాల్లోని 47 అధ్యయనాలను కలిపి చూస్తే, ఒక్కో కాన్పుకు ముప్పు 7 శాతం, పాలిచ్చిన ఒక్కో ఏడాదికి 4.3 శాతం చొప్పున తగ్గుతున్నట్టు తేలింది. బీఆర్‌సీఏ1 లోపం ఉన్నవాళ్ళలోనూ మొత్తం మీద ఏడాదికి మించి పాలిచ్చినవాళ్ళకు ముప్పు తక్కువగా కనిపించింది. బీఆర్‌సీఏ2 అనే మరో జన్యువులో లోపం ఉన్నవాళ్ళలో ఆ మేలు అంత స్పష్టంగా లేదు. కాన్పైన కొన్నేళ్ళపాటు ముప్పు కాస్త పెరుగుతుందన్నదీ నిజమే. ఈ లెక్కలన్నీ వేలమందిని కలిపి కట్టినవి. బీఆర్‌సీఏ1లో లోపం ఉన్న ఆడవాళ్ళలో 80 ఏళ్ళు వచ్చేలోగా నూటికి సుమారు 70 మందికి జబ్బు వస్తుందన్నప్పుడు, అందులోంచి కొంత తీసేసినా మిగిలేది చాలా ఎక్కువ. నాయనమ్మ పాలు నాయనమ్మను కాపాడలేదు. కౌన్సెలర్ ఆ వివరాలు అడిగింది ముప్పు అంచనా కట్టడానికి. చుట్టాలు అవే వివరాలతో తప్పు మోపారు. ఒకే ప్రశ్న ఒకచోట వైద్యమైంది, మరోచోట నింద అయింది.

మేరీ-క్లెయిర్ కింగ్ 1990లో బీఆర్‌సీఏ1 జన్యువు జాడను 17వ క్రోమోజోము మీద చూపించింది. అలాంటిది ఒకటుందని నమ్మేవాళ్ళే తక్కువగా ఉన్న రోజుల్లో, కుటుంబం వెంట కుటుంబాన్ని అడుగుతూ ఏళ్ళ తరబడి వెతికింది. అమ్మమ్మల, పెద్దమ్మల, మేనత్తల కథలు ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చెప్పారు గనక ఆ వెతుకులాట సాగింది. చెంగు చాటున దాచుకున్న గడ్డలు ఏ లెక్కలోకీ రాలేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు కౌన్సెలర్ నాయనమ్మ సున్నా నింపింది. అక్కడినుంచి ఒక గీత అత్తయ్యకు దిగింది, ఇంకొకటి పక్కనే ఉన్న గడికి. ఆ గడి నాన్న.

"మగవాళ్ళకు కూడానా?" అన్నాడు.

"తల్లికి ఉంటే కొడుక్కైనా కూతురికైనా సగానికి సగం అవకాశం ఉంటుందండీ. మీకు వచ్చి ఉంటే మీ పిల్లలకూ అంతే."

నాన్న నా సున్నా వైపు చూశాడు. ఖాళీగా ఉంది. రక్తం ఇచ్చి బయటికొచ్చాక కారిడార్‌లో బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత ఫోన్ తీసి విశాఖలో ఉన్న పెద్ద చెల్లెలికి చేశాడు. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు.

"అమ్మాయ్, అమ్మ గురించి ఒక సంగతి చెప్పాలి. పిల్లలిద్దర్నీ దగ్గర కూర్చోబెట్టుకో."

పిల్లలు వచ్చేదాకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాడు.