పొయ్యి చుట్టూ బేస్‌బాల్

2019 జనవరిలో మా అబ్బాయి దగ్గరికి బోస్టన్ వెళ్ళాం. అక్కడి ఫెన్‌వే పార్క్ 1912లో తెరిచిన బేస్‌బాల్ మైదానం. చలికాలం ఆటలుండవు. అయినా పక్కవీధి కాఫీ హోటల్లో ఆట మాటల్లో నడుస్తూనే ఉంది. ఈ శీతాకాలపు చర్చలకు అక్కడ ‘హాట్ స్టవ్’ అని పేరు. మన రచ్చబండ లాంటిదే, కాకపోతే చెట్టు బదులు పొయ్యి!

మొదటి పిచ్చర్ అలిసిపోతే బంతి అందుకొనేవాడు రిలీఫ్ పిచ్చర్. చివరి ఇన్నింగ్స్‌లో గెలుపును కాపాడేవాడు క్లోజర్. 2015లో క్రెయిగ్ కింబ్రెల్ అనే క్లోజర్ కోసం బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు నలుగురు కుర్రాళ్ళను శాన్‌డియేగోకు ఇచ్చేసింది. ఇప్పుడతని ఒప్పందం ముగిసింది.

“మళ్ళీ తీసుకోవాల్సిందే. 2018 వరల్డ్ సిరీస్ గెలిచాంగా!” అన్నాడొకాయన.

“ఆఖరి ఇన్నింగ్స్ వేసింది క్రిస్ సేల్. అతను రిలీఫ్ పిచ్చరే కాదు!” అంది పక్కావిడ.

నా మనసు మాత్రం ఆ నలుగురు కుర్రాళ్ళ మీదికి పోయింది. రైల్వే బదిలీలతో ఖుర్దారోడ్డు చేరి స్థిరపడిన కుటుంబం మాది. “వాళ్ళనెవరైనా అడిగారా?” అన్నాను. ఒప్పందంలో ముందే రాసుకుంటే తప్ప అడగరట. అయితే పదేళ్ళ అనుభవం ఉండి, అందులో చివరి ఐదేళ్ళు ఒకే జట్టులో ఉన్న ఆటగాడు బదిలీ వద్దనవచ్చునట.

వేళ్ళూనినవాణ్ణి అడగకుండా పెకలించరాదన్న ఆ నియమం నాకు ఆటకన్నా బాగా నచ్చింది.