షట్టర్లు దించిన పండగ

మా ధూల్‌పేట్‌లో పండగ వచ్చిందని తెలియడానికి క్యాలెండర్ అక్కర్లేదు, చెవులుంటే చాలు. వినాయక చవితి ముందు విగ్రహాల లారీల హారన్లు, సంక్రాంతికి పతంగుల కేకలు, బోనాలకు డప్పులు. పండగంటే దుకాణాలు రాత్రిదాకా తెరిచుండటం కూడా.

ఇలాంటి గల్లీ నుంచి మా అమ్మ 2024 అక్టోబర్‌లో జర్మనీకి, హాలేలో ఉండే అక్క దగ్గరికి వెళ్లింది. ఆ ఏడాది దీపావళి అక్టోబర్ 31న వచ్చింది. అక్కడా ఆ రోజు సెలవే. కానీ దీపావళికి కాదు, రిఫర్మేషన్ డేకి.

పాప పరిహార పత్రాల అమ్మకాన్ని ప్రశ్నిస్తూ 1517లో అదే తేదీన మార్టిన్ లూథర్ విటెన్‌బర్గ్‌లో 95 అంశాలు బయటపెట్టాడు. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి అదే మొదలంటారు. విటెన్‌బర్గ్, హాలే రెండూ సాక్సనీ-అన్హాల్ట్ రాష్ట్రంలోనే ఉన్నాయి. జర్మనీ 16 రాష్ట్రాల్లో 9 చోట్లే ఈ సెలవు. బెర్లిన్‌లో మామూలు పనిరోజు. బోనాలకు మనకి సెలవుండి విజయవాడలో లేనట్టే అన్నమాట.

అక్క ముందే చెప్పింది: సరుకులన్నీ బుధవారమే తెచ్చుకోవాలి, గురువారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. గోడకి డ్రిల్లింగ్ వద్దు. ఖాళీ సీసాలు వీధిలో గాజు డబ్బాలో వేయడం కూడా వద్దు, చప్పుడవుతుంది. పటాకుల మాటే లేదు. అక్కడ మామూలు జనం కాల్చుకునేది డిసెంబర్ 31న, జనవరి 1న మాత్రమే.

"ఇదేం పండుగరా, ఎవరో పోయినట్టున్నది" అంది అమ్మ ఫోన్‌లో. ఆమె బాధ పటాకుల గురించి కాదు. ఇంత నిశ్శబ్దంలో బిడ్డ రెండేళ్లుగా ఒక్కతే ఎట్లా ఉంటుందని.

కింది ఇంటి పెద్దామెను పిలవడానికి అక్క రెండు రోజుల ముందే చిట్టీ రాసి పెట్టింది. "పక్కింటోళ్లకి చిట్టీ రాసుడేంది?" అని అమ్మ నవ్వింది. ఆమె సరిగ్గా నాలుగింటికి వచ్చింది. గుమ్మం దగ్గర మనవాళ్ల చెప్పులు చూసి, ఎవరూ చెప్పకుండానే తన బూట్లు విప్పింది. చర్చికి పోయే అలవాటు తనకి లేదట. అయినా ఈ రోజు నెమ్మదిగా గడవడం ఇష్టమట. అంటే ఆ నిశ్శబ్దం నమ్మేవాళ్లది మాత్రమే కాదు, ఊరందరిదీ.

కొత్త చోటికి వెళ్లినవాళ్లు అక్కడి పద్ధతి నేర్చుకోవడం ఇవాళ్టిది కాదు. బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ మిషనరీ మద్రాసులో తెలుగు నేర్చుకుని, తిరిగి వెళ్లాక 1746లో ఇదే హాలేలో తెలుగు పుస్తకం అచ్చువేయించాడు. ఆయన వచ్చింది మతప్రచారానికే, కానీ ముందు మన అక్షరాలు దిద్దాల్సి వచ్చింది.

అక్కడ అయిదింటికే చీకటి పడింది. అమ్మ కిటికీలో దీపాలు పెట్టి వీడియో కాల్ చేసింది. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర, మా డాబా చుట్టూ లక్ష్మీ బాంబులు.

"మ్యూట్ పెట్టురా" అంది అమ్మ. "కింద పెద్దామెకి పండుగ."

నేను మ్యూట్ నొక్కాను.