ఇటలీ విందులో మిరపకాయ

ఏమండీ, మీ ఊళ్లోకీ పాస్తా వచ్చేసిందా? మా పెదకూరపాడు పిల్లలకి ఆ మాట పప్పుచారంత అలవాటైపోయింది. గుంటూరు–నడికుడి రైలు లైన్లో చిన్న స్టేషను మాది. చుట్టూ పత్తి, మిరప చేలు. కాయ ఎండబోసిన కల్లాల పక్కగా నడిస్తే తుమ్ములే తుమ్ములు. ఆ ఊరి మనిషిని ఇటాలియన్ హోటల్‌కి వెళ్లొచ్చానంటే నవ్వుతారేమో!

సత్తెనపల్లిలో ఇంటర్ కలిసి చదివిన నలుగురం, ఇన్నేళ్లకి మగవాళ్లూ పిల్లలూ లేకుండా ఒక పూట కూర్చుందామనుకున్నాం. విజయవాడలో ఉన్న స్నేహితురాలు "చీటీ పాడుకున్నానే, ఖర్చంతా నాది" అంది. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఆ హోటల్‌ని పొగడనివాళ్లు లేరట.

లోపల మసక దీపాలు, కొంగు కప్పుకునేంత ఏసీ. రిసోట్టో అన్నారు, అన్నమే కదా అని ఆశపడ్డాం. వచ్చింది చల్లారిన పొంగలి ముద్ద. ఉప్పు లేదు, పులుపు లేదు. అసలు రిసోట్టో అది కాదండీ. ఆర్బోరియో లాంటి పొట్టి గింజ బియ్యంలో, కూరగాయలో మాంసమో ఉడికించిన వేడి నీళ్లు గరిటె గరిటె పోస్తూ కలుపుతారు. గింజలోని గంజితోనే చిక్కబడుతుంది. దించగానే తినేయాలి. మాకు పెట్టింది బాస్మతి, పైన గుమ్మరించిన క్రీము. పాస్తా సంగతీ అంతే. గట్టి గోధుమ రవ్వతో చేసే పాస్తాని పంటికి కాస్త తగిలేట్టుండగానే దించాలి. వీళ్లది నానిన సేమ్యాలా ఉంది, టమాటా సాసేమో తియ్యగా.

"ఎలా ఉందే?" అందావిడ. ముగ్గురం ఒకేసారి "బాగుందే" అన్నాం. బిల్లు కట్టబోయే మనిషి మొహం చూస్తూ ఇంకేమంటాం చెప్పండి? చివరికి తనే ఫోర్కు కింద పెట్టి, "నాకు గొంతు దిగట్లేదే" అంది. కళ్లలో నీళ్లు. ఇరవై నెలలు ఇంటి ఖర్చులో మిగిల్చి కట్టిన చీటీ అది! మా ముగ్గురి నోటా మాట లేదు.

కారం అడిగితే కుర్రాడు చిన్న పొట్లాల్లో మిరప పలుకులు తెచ్చాడు. రంగేగానీ ఘాటు లేదు. గుంటూరు యార్డుకి కాయ తోలే ఊరివాళ్లకా ఇవి!

తమాషా చూడండి. మిరపకాయ, టమాటా పుట్టింది అమెరికా ఖండంలో. 1492లో కొలంబస్ అక్కడికి చేరాక ఐరోపాకి వెళ్లాయి. మిరపని మనకి తెచ్చింది పోర్చుగీసు ఓడలు. దక్షిణ ఇటలీలో కలాబ్రియావాళ్లు మనలాగే కారం ప్రియులు. స్పఘెట్టీని వెల్లుల్లి, ఎండుమిరప, ఆలివ్ నూనెతో కలిపి తినడం అక్కడ ఇంటింటి వంటే. మన వెల్లుల్లి కారానికి చుట్టం కాదూ?

సంక్రాంతికి ఆవిడ మా ఇంటికొస్తోంది. పండగ పిండివంటలు ఎలాగూ తప్పవు, ఒక పూట మాత్రం ఇదే చేస్తాను. స్పఘెట్టీని ఉప్పు నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు ఒక గరిటెడు తీసి ఉంచండి. నూనె సన్నని సెగన కాగాక వెల్లుల్లి రేకలు, తుంచిన ఎండుమిరప వేసి, అందులో స్పఘెట్టీ, దాచిన నీళ్లు పోసి గబగబా కలపండి. ఆలివ్ నూనె ఖరీదనుకుంటే వేరుశనగ నూనెతోనూ బాగుంటుంది. వెల్లుల్లి మాత్రం మాడనివ్వకండి, చేదెక్కుతుంది.