మంగళగిరి పానకము

గుంటూరు బెజవాడల నడుమ పయనించువారి కంటికి మిక్కిలి దూరమునుండియే కనబడునది మంగళగిరి గాలిగోపురము. పదునొకండు అంతస్తుల యీ గోపురమును రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు 1807-1809 సంవత్సరములలో కట్టించిరి. ఆ యూరి నేతచీరల మాట సోదరీమణులకు నేను చెప్పవలసిన పనిలేదు. కొండ దిగువను లక్ష్మీనరసింహస్వామియు, కొండ నడుమ పానకాలస్వామియు, శిఖరమున గండాలయస్వామియు వెలసియున్నారు. శిఖరమున విగ్రహము లేదు. ఆపదలోనున్నవారు దీపము వెలిగించి వత్తురు. నేను వ్రాయదలచినది నడిమి స్వామిని గూర్చి.

గత ఫాల్గుణమున తిరునాళ్ళ సందడి తగ్గిన పిమ్మట మా అత్తగారును, నేనును, పండ్రెండేండ్ల మా అబ్బాయియు, ఎనిమిదేండ్ల అమ్మాయియు బయలుదేరితిమి. పాఠశాలలో పరీక్షలుండుటచే మా వారు రాలేదు. క్రిందటి వర్షాకాలమున అమ్మాయికి టైఫాయిడు జ్వరము తగిలినప్పుడు అత్తగారు బిందెడు పానకము మ్రొక్కుకొనియుండిరి. ఇప్పుడు కొండకు మోటారుబాట యున్నను, 1890లో చన్నాప్రగడ బలరామదాసుగారు కట్టించిన మెట్లదారినే ఎక్కుదునని ఆమె పట్టుపట్టిరి.

దారిపొడవునను అబ్బాయికి ప్రశ్నలే.

“మామ్మా, ఎంత పోసినను స్వామి సగమే త్రాగి సగము విడుచునట, నిజమేనా?”

“అందురు నాయనా.”

“అంత బెల్లము పోసినను చీమ చేరదట, ఎందుచేత?”

“నేనెన్నడును అడుగలేదు.”

“నాకు తెలియును. ఇది అగ్నిపర్వతము. లోపలి గంధకమును బెల్లపునీరు చల్లార్చును. ఇది సైన్సు!”

నాకు నవ్వు వచ్చినది. చిన్ననాట మా నాయనగారు నాకింటనే తర్కసంగ్రహము చెప్పిరి. 17వ శతాబ్ది వాడైన దాని కర్త అన్నంభట్టు మన తెలుగువాడే. అనుమానప్రమాణమునకు ఆయన చూపిన యుదాహరణము మన వంటయిల్లు! అచ్చట పొగయు నిప్పును కలిసియుండుట పలుమారు చూచినవాడే, కొండపై పొగ కనబడినప్పుడు నిప్పున్నదని నిశ్చయింపగలడు. “నాయనా, నీ వీ కొండపై పొగ చూచితివా?” అని యడిగితిని. వాడు మాటాడలేదు. ఈ తూర్పుకనుమల రాళ్ళు అగ్నిపర్వతము గ్రక్కినవి కావనియు, అతిప్రాచీనకాలమున భూమి లోతున వేడిమికిని ఒత్తిడికిని రూపుమారినవనియు భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. వాడు సైన్సనుకొన్నదియు విన్న మాటయే. మామ్మ తనది నమ్మకమని యెరుగును. వాడు తనది నమ్మకమని యెరుగడు. వారిరువురకును గల భేద మింతియే.

స్వామి నోరు రాతిలో నొక చిన్న బిలము. దానిపై లోహపు ముఖము తొడిగియున్నది. బెల్లము, మిరియాలు, యాలకులు కలిపిన పానకమును అర్చకులు శంఖముతో పోయుచుండగా లోపల గుటగుట ధ్వని వినబడినది. కొంతసేపటి కది నిలిచెను. మిగిలినది ప్రసాదముగా నిచ్చిరి. సగమువలెనే తోచినది. కాని కొలువని సగము ప్రమాణము గాదు. “ఒక్క చీమయైనను లేదమ్మా!” అని అబ్బాయి చెవిలో చెప్పెను. గడియసేపు కనబడకపోవుట, ఎన్నడును రాదనుటకు చాలదని వానికి చెప్పితిని.

అంతట అత్తగారు అర్చకులతో “ఇంకొక బిందె యున్నది” అనిరి. నాకర్థము కాలేదు. ఆమె నా వంక చూడక, “చిన్నవానిది” అనిరి.

నా గుండె ఝల్లుమన్నది. అమ్మాయికి ముందు మాకొక మగబిడ్డ కలిగి, రెండేండ్లైన నిండక తొమ్మిదేండ్ల క్రిందట జ్వరముతో పోయినాడు. వానికై ఆమె యప్పుడే మ్రొక్కుకొనిరట. బిడ్డ దక్కలేదు గనుక ఆ మ్రొక్కు తీర్చవలసినదని మాలో నెవ్వరికిని తోచలేదు.

తిరిగివచ్చుచు మెట్లపై కూర్చుండినప్పుడు ఆమెయే చెప్పిరి: “తొమ్మిదేండ్లు ఆయనపై అలిగియుంటినమ్మా. ఆయన నాకు మాట యెప్పుడిచ్చెను? పోసెదనన్నదానను నేను.”

ఆ మాటలో నాకొక తత్త్వము స్పష్టమైనది. అమ్మాయి బ్రతుకుట దేవుడున్నాడనుటకు ప్రమాణమైనచో, చిన్నవాడు పోవుట దేనికి ప్రమాణము? ఒకదానిని లెక్కించినవారు రెండవదానిని విడువరాదు. అత్తగారు రెంటిని లెక్కింపలేదు. రెండు బిందెలును పోసిరి. నమ్మకము ఋజువునకు బదులుగా వచ్చిన వస్తువు కాదు. ఋజువైన పిమ్మట పుట్టునదియు కాదు. అది మన మిచ్చుకొన్న మాటను మనము నిలుపుకొనుట.

అయినను దానిని పెట్టరాని చోట పెట్టినచో ఎంత కీడో మా యింటనే యెరిగితిమి. చిన్నవానికి జ్వరము తగిలినప్పుడు దిష్టి యనుకొని నాలుగు దినములు విభూతితో గడపితిమి. అది నమ్మకము కాదు, ఏమరుపాటు. అమ్మాయికి ఒళ్ళు కాగిన మరునాడే వైద్యునికడకు పోదమన్నవారు అత్తగారే. నెత్తురు పరీక్షింపక మందీయనని వైద్యుడు చెప్పగా, సూదికి బెదరిన పిల్ల చేతిని పట్టుకొన్నవారును ఆమెయే. మ్రొక్కు ఆ రాత్రి మ్రొక్కుకొనిరి.

సోదరీమణులారా! బిడ్డ ఒంటి సంగతి వచ్చినప్పుడు ప్రమాణమునే అడుగుదము, ఆలస్యము చేయకుందము. తీరని దుఃఖము వచ్చినప్పుడు ప్రమాణ మొక కన్నీటిబొట్టునైన తుడువదు; అప్పుడు మనలను నిలుపునది వేరొకటి గలదు. దేని చోటున దాని నుంచుటయే వివేకము.

దిగునప్పుడు అబ్బాయి మరి ప్రశ్నలు వేయలేదు. తమ్ముని బిందెను వాడే మోసుకొని, మెట్లపై కనబడినవారికెల్ల ప్రసాదము పంచుచు దిగెను.