నర్సు చదువు: కడపటి పరీక్ష

తక్కిన పరీక్షలలో తప్పు వ్రాసిన విద్యార్థి పోగొట్టుకొనునది తన మార్కులను మాత్రమే. నర్సు చదువును ముగించు కడపటి పరీక్షలో నేడు కాగితముమీద దొరలిన తప్పు, రేపు పట్టా చేతికి వచ్చిన పిమ్మట, ఎవరి తల్లి నరములోనికో, ఎవరి బిడ్డ నరములోనికో సూదిమొనగుండ ప్రవేశింపగలదు. అందుచేతనే మూడేండ్ల జి.ఎన్.ఎమ్. కోర్సుగాని, నాలుగేండ్ల బి.ఎస్సీ. నర్సింగుగాని పూర్తిచేయనున్న బాలికలు అర్ధరాత్రి దాటినను హాస్టలు వరండాలలో పుస్తకములు ముందు వేసికొని కూర్చుండుట చూచినప్పుడెల్ల నాకు వారియెడ జాలికన్న గౌరవమే అధికముగ కలుగుచుండును. వారి శ్రమలో సగము, ఇంకను తాము ముఖమైనను చూడని రోగుల నిమిత్తమై పడుచున్న శ్రమ.

ఇట్టి పరీక్ష యొకటి ఉండవలెనా, అక్కరలేదా యను విషయమున నూఱేండ్లకు పూర్వమే గొప్ప వాదము నడచినది. క్రిమియా యుద్ధసమయమున ప్రజలిచ్చిన చందాల నిధితో 1860లో లండను సెయింటు థామస్ ఆసుపత్రియందు శిక్షణాలయమును స్థాపించిన ఫ్లారెన్సు నైటింగేలే నర్సుల పరీక్షలకును, రిజిస్ట్రేషనుకును ప్రతికూలురాలు. మొదటి జట్టున చేరిన పదునైదుగురు యువతుల నడవడిని, నేర్పును, శుభ్రతను నెలనెల పట్టికలలో గుర్తింపజేసిన ఆ మహనీయురాలు, రోగి ప్రక్కను దినదినము కనిపెట్టి చూచినగాని నర్సు యోగ్యత తెలియరాదనియు, ప్రశ్నపత్రము జ్ఞాపకశక్తిని కొలుచునే కాని శీలమును కొలువజాలదనియు నమ్మినది. ఆమెకు ఎదురు నిలిచినది సెయింటు బర్తలోమ్యూ ఆసుపత్రిలో పూర్వము మేట్రనుగా నుండిన ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్విక్. 1887లో బ్రిటిషు నర్సుల సంఘమును నెలకొల్పి, నర్సునని చెప్పుకొనిన ప్రతి వ్యక్తికిని ప్రాణమప్పగింపవలసిన రోగికి పూచీ యేమున్నదని ఆమె పక్షమువారు ముప్పదియేండ్లకు పైగా వాదించిరి. ఈలోపల న్యూజీలండు 1901లోనే నర్సుల రిజిస్ట్రేషను చట్టము చేసికొన్నది. బ్రిటనులో అట్టి చట్టము 1919లో వచ్చినది. 1921లో పట్టిక తెఱచినప్పుడు అందు మొదటి పేరు ఫెన్విక్‌దే. మన మద్రాసు రాజధానియందు 1926లో నర్సుల, మంత్రసానుల చట్టము పుట్టినది. 1947లో భారత నర్సింగు కౌన్సిలు చట్టమును, దాని స్థానమున 2023లో జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషను చట్టమును వచ్చినవి.

వాదమున గెలిచినది ఫెన్విక్ పక్షమే యైనను, నైటింగేలు సందేహము నేటికిని తీఱలేదని నా యభిప్రాయము. గైడులోని ప్రశ్నలకు జవాబులు వల్లెవేసి, పుటకు పుట అప్పగించి, మంచి మార్కులతో బయటపడిన బాలిక వార్డులో తికమకపడుటయు, థియరీలో అంతంతమాత్రముగ గట్టెక్కిన బాలిక రోగి పెదవి రంగు మాఱుటను అందఱికన్న ముందు కనిపెట్టుటయు ఏ సిస్టరు నడిగినను చెప్పును. కావున చదువుకొనుటయెట్లను ప్రశ్నకు నేను చెప్పగల సమాధానమొక్కటే: పుస్తకములోని ప్రతి పంక్తిని ఒక మంచము ప్రక్కకు తీసికొనిపోయి చదువవలెను. మంచముమీద మనిషి లేని జ్ఞానము పరీక్షనాటికి నిలిచినను, డ్యూటీనాటికి నిలువదు.

లెక్కలను తీసికొందము. మందుమోతాదుల లెక్కలనిన మన బాలికలలో పెక్కుమందికి గుండెదడ. ఇంటరు చదువుతో గణితమునకు నమస్కరించి వచ్చితిమనుకొన్నవారికి అది మరల ఎదురగును. అయిదువందల మిల్లీలీటర్ల సెలైను నాలుగు గంటలలో ఎక్కింపవలెను, సెట్టు మిల్లీలీటరునకు ఇరువది చుక్కలది, నిమిషమునకు ఎన్ని చుక్కలు? పదివేల చుక్కలను రెండువందల నలుబది నిమిషములకు పంచిన సుమారు నలుబదిరెండు. కాగితముమీద ఇది మూడు పంక్తులలో ముగియును. కాని ఆ నలుబదిరెండు చుక్కలను గడియారపు సెకండు ముల్లుతో సరిచూచుచు, రోలరును వ్రేలితో నెమ్మదిగ త్రిప్పుచు, అదే సమయమున సూది గ్రుచ్చినచోట వాపు వచ్చినదేమోయని మఱియొక చేతితో తడిమి చూచిన బాలికకు ఆ లెక్క మఱి జన్మములో తప్పిపోదు.

ఇన్సులిను సంగతి ఇంతకన్న సూక్ష్మము. మన దేశమున సీసాలలో దొరకు ఇన్సులిను చాలవఱకు మిల్లీలీటరునకు నలుబది యూనిట్లది. నూఱు యూనిట్లదియు బజారులో కలదు. దేని సిరంజి దానికి వేఱు. ఎఱ్ఱమూత నలుబదికి, నారింజమూత నూఱుకు అని ప్రతి విద్యార్థినియు నోటితో చెప్పగలదు. కాని నలుబదియూనిట్ల సిరంజితో నూఱుయూనిట్ల సీసానుండి ఇరువది గీతవఱకు తీసినచో నేమగును? అరమిల్లీలీటరు వచ్చును, అందుండునది ఏబది యూనిట్లు. ఇరువది పడవలసిన ముసలమ్మకు ఏబది పడినది. కొంతసేపటికి ఆమె చెమటలు క్రమ్మి, చేతులు వణకి, కన్నులు తేలవేయును. ఈ లెక్కను ఒకమాఱు తన చేతులతో చేసి చూచుకొన్న బాలిక సీసామీది అంకెను చదువక సిరంజి మూత తీయదు. పరీక్షలో దీనికి పడునది రెండో మూడో మార్కులు. నన్నడిగిన, ఇది తెలియనివారికి తక్కిన మార్కులెన్ని వచ్చినను పట్టా ఈయగూడదు.

కాలిన గాయముల ప్రశ్న మఱియొకటి. ఏబది కిలోల బరువుగల స్త్రీకి ఛాతీ, కడుపు, రెండు చేతులు పూర్తిగ కాలినవి. తొమ్మిదుల సూత్రమున అది శరీరమున ముప్పదియాఱు పాళ్లు. పార్క్‌లాండు సూత్రము ప్రకారము నాలుగును, ఏబదిని, ముప్పదియాఱును హెచ్చవేసిన ఏడువేల రెండువందల మిల్లీలీటర్ల రింగర్ లాక్టేటు. అందు సగము మొదటి యెనిమిది గంటలలో పోవలెను. ఇంతవఱకు అందఱును వ్రాయుదురు. ఆ యెనిమిది గంటలు ఆసుపత్రి గడప త్రొక్కినది మొదలు కాక, ఒడలు కాలిన క్షణము మొదలు లెక్కింపవలెనను మాటను మాత్రము తఱచుగ మఱతురు. పల్లెలో స్టవ్వు అంటుకొని, ఆటో దొరకి, పట్టణము చేరునప్పటికి రెండు గంటలు గడచినచో మిగిలినవి ఆఱు గంటలే. గంటకు నాలుగువందల ఏబది చాలదు, ఆఱువందలు పోవలెను. ఆ స్త్రీ ఆటోలో గడపిన రెండు గంటలను తలచుకొనగలిగిన విద్యార్థిని ఈ ప్రశ్నకు తప్పు వ్రాయదు.

అమెరికాకు పోదలచిన మన నర్సులు వ్రాయు ఎన్‌క్లెక్స్ పరీక్షయందు ఈ ఊహాశక్తికే పెద్దపీట. అది 1994 నుండి కంప్యూటరుమీద జరుగుచున్నది. ఒక ప్రశ్నకిచ్చిన జవాబునుబట్టి రాబోవు ప్రశ్న కష్టమో సులభమో తేలును. అక్కడి నర్సింగు పాఠశాలలు పెక్కు దానికి ముందుగ హెసి వంటి నిష్క్రమణ పరీక్షను తామే పెట్టి, బాలికలు సిద్ధముగ నున్నారో లేదో చూచుకొనును. ఈ పరీక్షలలో తఱచుగ వచ్చు ప్రశ్న ఇట్టిది: నలుగురు రోగులున్నారు, నీవు మొదట ఎవరియొద్దకు పోవుదువు? ఒకడు నొప్పియని కేకలు పెట్టుచున్నాడు; ఒకామె మందు ఆలస్యమైనదని కోపించుచున్నది; ఒకనికి జ్వరము; నాలవయామె థైరాయిడు ఆపరేషనైనది, మౌనముగ పరుండి, పెదవులచుట్టు తిమ్మిరిగా నున్నదని మాత్రము అన్నది. దయగల పిల్ల కేకలవాని యొద్దకు పరుగెత్తును. శిక్షణగల పిల్ల ఆ మౌనముగనున్న ఆమెయొద్దకు పోవును. ఏలయన ఆ తిమ్మిరి రక్తమున కాల్షియము పడిపోవుటకు గుఱుతు, తరువాత గొంతు బిగిసి ఊపిరి ఆగవచ్చును.

ఆమెయొద్దకు పోయిన పిమ్మట చేయవలసిన యొక చిన్న పనిని గూర్చి ఇక్కడ చెప్పక ఉండలేను. మెడముందు కట్టు పొడిగా, తెల్లగా నుండును. రక్తము లేదని వ్రాసి వెడలిపోవచ్చును. కాని వెల్లకిల పరుండినవారి మెడనుండి రక్తము పల్లమునకు, అనగా వెనుకకు జాఱును. అందుచేత చేతికి గ్లౌజు తొడిగికొని, "అమ్మా, ఒక్క నిమిషము" అని చెప్పి, మెడక్రిందుగ చేతిని జొనిపి దిండు తడిసినదేమో చూడవలెను. పుస్తకమున ఇది ఒక్క వాక్యము. చదువునప్పుడు ఒక స్నేహితురాలిని మంచముమీద పరుండబెట్టి ఒకమాఱు చేసి చూచినచో అది వాక్యముగ నుండక చేతి అలవాటుగ మాఱును.

ప్రసూతిశాస్త్రము మన బాలికలు ఎక్కువ ప్రీతితో చదువు విషయము. చాలమందికి తమ యింటనో, తమ యూరనో ఒక కాన్పు కష్టమైన కథ తెలిసియుండుట అందులకు కారణము కావచ్చును. 1953లో వర్జీనియా ఎప్గార్ ప్రకటించిన పట్టికను, పుట్టిన శిశువు రంగు, గుండెచప్పుడు, ముఖకవళిక, కదలిక, ఊపిరి యను అయిదింటికి రెండేసి చొప్పున మార్కులు వేయు విధమును, నిద్రలో లేపి యడిగినను చెప్పుదురు. మెగ్నీషియము సల్ఫేటు విషయమునను అంతటి శ్రద్ధ కావలెను. గుఱ్ఱపువాతము వచ్చిన గర్భిణికి మరల ఆ సూది వేయుటకు ముందు మోకాలి కుదుపు ఉన్నదా, నిమిషమునకు పదునాఱు ఊపిరులకు తక్కువ కాలేదుగదా, గంటకు ముప్పది మిల్లీలీటర్ల మూత్రము వచ్చుచున్నదా యను మూడును చూచియే వేయవలెను. కాల్షియము గ్లూకోనేటు ప్రక్కనే సిద్ధముగ నుండవలెను. ప్రాణము నిలుపు మందే హద్దు మీఱిన ఊపిరి నాపునని తెలిసినవారికి ఈ మూడింటిని కంఠస్థము చేయవలసిన పని లేదు.

ప్రాక్టికలు పరీక్షనాడు బాలికల భయము వర్ణనాతీతము. బయటి కళాశాలనుండి వచ్చిన ఎగ్జామినరు మేడమ్ ఒకప్రక్క, తమ మేడమ్ ఒకప్రక్క. చేతిలో కేస్ షీటు. మంచముమీద ఆనాటికి అప్పగింపబడిన రోగి. భయముచేత బాలిక చూపంతయు పరీక్షాధికారిణి ముఖముమీదనే నిలిచి, నాడి పట్టుకొన్న చేయి మాత్రము రోగిమీద నుండును. సిద్ధపడు దినములలోనే ఈ లోపమును దిద్దుకొనవలెను. చేతులు కడుగుకొనుట, పేరడిగి తెలిసికొనుట, చేయబోవునది ముందుగ చెప్పుట, తెఱ లాగుట: ఇవి మార్కుల పట్టికలో చిన్న అంశములు, రోగి మర్యాద అంతయు వీనిలోనే యున్నది. "పెద్దమ్మా, బి.పి. చూచెదను, చేయి వదులుగ పెట్టు" అన్న బాలికకు, ఆ పెద్దమ్మయే ధైర్యము చెప్పుటను నేనెఱుగుదును. ప్రభుత్వాసుపత్రులలో నెలలకొలది పడియున్న రోగులు తమ జబ్బు కథను విద్యార్థినులకు ఇంతకుముందే పదిమాఱులు చెప్పియుందురు. పరీక్షనాడు పిల్ల తడబడినచో, "షుగరు కూడ ఉన్నదమ్మా, వ్రాసికో" అని మెల్లగ అందించువారు కలరు. అట్టివారి ఋణము ఏ పట్టాతోను తీఱదు.

ఇక చదువు భాష. పల్లెనుండి తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన బాలిక ఇంగ్లీషున జవాబు వ్రాయవలసి, తెలిసిన విషయమునే తెలియనిదానివలె సగము వ్రాసి విడుచుట నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము. అట్టివారికి నేను చెప్పునది, వాక్యములను వల్లెవేయక, ఒక్కొక్క రోగమునకు ఒక బొమ్మ గీసి, దానిప్రక్క చేయవలసిన పనులను వరుసగ, పొట్టిమాటలలో వ్రాసికొనుడని. నలుగురు కలసి చదువుట ఒంటరిగ చదువుటకన్న మేలు. ఒకతె రోగి, ఒకతె నర్సు, ఒకతె ఎగ్జామినరు, నాలవది తప్పులు పట్టునది. వంతులవారీగ పాత్రలు మార్చుకొన్నచో, రోగిగ పరుండిన పిల్లకు చల్లని చేయి చెప్పక తగిలిన నెట్లుండునో తెలియును. ఏ పుస్తకమును అది నేర్పదు.

కడపట ఆసుపత్రుల మేట్రనులకును, నర్సింగు పాఠశాలల ప్రిన్సిపాళ్లకును ఒక మనవి. సిబ్బంది తక్కువయగుటచేత కడపటి సంవత్సరపు బాలికలను పూర్తి డ్యూటీలకు వాడుకొనుట చాలచోట్ల వాడుకైనది. రాత్రియంతయు ముప్పది మంచములు చూచి, తెల్లవాఱి కనుఱెప్పలు వాలిపోవుచుండగ పుస్తకము తెఱచిన పిల్లకు పైన చెప్పిన ఏ లెక్కయు తలకెక్కదు. పరీక్షకు ముందు నెలలో వారికి రాత్రి డ్యూటీలు వేయకుడు. మధ్యాహ్నము రెండు గంటలు లైబ్రరీ తలుపులు తెఱచియుంచుడు. స్కిల్ ల్యాబులోని బొమ్మలను అద్దాల బీరువాలలో తాళము వేసి దాచక, వారి చేతికిండు.